సుడి కళింగపట్నంలో, వాన మానుకోటలో

టీవీలో వాతావరణం చెప్పాలనుకునే పిల్లలు ఏ కాలేజీ ఎంచుకోవాలి?

2024 ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక, బంగాళాఖాతంలోని వాయుగుండం శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర తీరం దాటింది. మ్యాపులో అక్కడి నుంచి మహబూబాబాద్ జిల్లా డోర్నకల్ జంక్షన్ దాకా గీత గీస్తే దాదాపు 430 కిలోమీటర్లు. సుడి అంత దూరాన ఉంటే మనకేం భయమని ఎవరైనా అనుకుంటారు. కానీ ఆకాశానికి చిల్లుపడ్డట్టు కురిసింది మహబూబాబాద్ (మానుకోట), ఖమ్మం, సూర్యాపేట జిల్లాల్లో, అటు విజయవాడ చుట్టుపక్కల. వాయుగుండం ఇంకా సముద్రం మీద ఉండగానే ఇక్కడ ముసురు కాస్తా కుండపోత అయింది. మానుకోట జిల్లాలో కొన్నిచోట్ల ఒక్కరోజులోనే 30 సెంటీమీటర్లు దాటింది. అదెంతో ఊహకు అందాలంటే లెక్క ఇలా వేసుకోవచ్చు: చదరపు కిలోమీటరు నేల మీద ఒక సెంటీమీటరు వాన పడితే కోటి లీటర్లు, 30 సెంటీమీటర్లు పడితే 30 కోట్ల లీటర్లు. తెల్లవారేసరికి కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల మధ్య పట్టాల కింది కంకర కొట్టుకుపోయి, పట్టాలు స్లీపర్లతో సహా గాలిలో వేలాడుతూ కనిపించాయి. కాజీపేట–విజయవాడ లైను ఆగిపోయింది. మున్నేరు పొంగి ఖమ్మం మీద పడింది.

సుడి అక్కడుంటే వాన ఇక్కడెందుకు పడింది? ఈ ప్రశ్నకు ఒక్క నిమిషంలో, చార్టు చూపిస్తూ, పత్తి రైతుకు తెలిసే మాటల్లో జవాబు చెప్పగల మనిషిని అమెరికాలో బ్రాడ్‌కాస్ట్ మెటియరాలజిస్టు అంటారు. మన దగ్గర ఆ పనికి ఇంకా పేరు కూడా స్థిరపడలేదు. వాతావరణ శాఖ పంపిన బులెటిన్‌ను సాధారణంగా యాంకరే చదివేస్తారు. ఈ దారిలో వెళ్లాలనుకునే ఇంటర్ పిల్లలు కూడా టీవీ అనగానే జర్నలిజం కోర్సు కోసం, మంచి స్టూడియో ఉన్న కాలేజీ కోసం వెతుకుతారు. నా వాదన అందుకు ఎదురు. ముందు గాలిని చదవాలి, మాట తర్వాత నేర్చుకోవచ్చు. ఎందుకో ఆ ఆగస్టు 31 రాత్రినే సాక్ష్యంగా తీసుకుని చూద్దాం.

వాలిన తాటిచెట్టు

టీవీ మ్యాపులో వాయుగుండం గుండ్రటి గుర్తుగా కనిపిస్తుంది కాబట్టి, అది నేల మీద తిరిగే చక్రం అనుకుంటాం. అసలు రూపం వేరు. అది ఏడెనిమిది కిలోమీటర్ల ఎత్తున లేచిన గాలి స్తంభం. వానాకాలంలో ఆ స్తంభం నిటారుగా నిలబడదు. కింద, ఒకటి రెండు కిలోమీటర్ల ఎత్తులో, నైరుతి రుతుపవనాలు పడమర నుంచి తూర్పుకు వీస్తుంటాయి. పైన, పన్నెండు కిలోమీటర్లు దాటాక, గాలి తిరగబడి తూర్పు నుంచి పడమరకు ప్రవాహంలా దూసుకుపోతుంటుంది. కింద ఒక వైపు, పైన ఇంకో వైపు గాలి ఉన్నప్పుడు సుడి అడుగు ఒకచోట ఉంటే, తల నైరుతి దిక్కుకు వాలుతుంది. గాలివానకు వాలిన తాటిచెట్టును తలుచుకోండి. పండ్లు ఏరుకోవడానికి మొదలు దగ్గర వెతికితే దొరకవు, తల ఎటు వాలిందో అక్కడ పడి ఉంటాయి. తీరం దాటిన చోటు ఆ చెట్టు మొదలు. మన జిల్లాలు ఆ వాలు దిక్కున ఉన్నాయి.

వాలడంతోనే వాన పడదు, దానికి ఇంకో మెట్టు ఉంది. మన అర్ధగోళంలో సుడిగాలి గడియారపు ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతుంది. కాబట్టి సుడికి పడమట పక్కన గాలి ఉత్తరం నుంచి దిగుతుంది, దక్షిణం పక్కన పడమటి నుంచి తేమ మోసుకుంటూ వస్తుంది. ఈ రెండూ ఒరుసుకునేది నైరుతి మూలలోనే. సంతలో రెండు వీధుల జనం ఒకే మలుపు దగ్గర ఎదురైతే ఇరుక్కుంటారు. గాలికి మాత్రం ఇంకో దారి ఉంది: పైకి లేవడం. లేచిన గాలి చల్లబడుతుంది, అందులోని ఆవిరి నీటి బొట్లుగా మారుతుంది, మారేటప్పుడు తనలో దాచుకున్న వేడిని వదులుతుంది. ఆ వేడి చుట్టుపక్కల గాలిని ఇంకా పైకి తోస్తుంది, ఆ ఖాళీలోకి కింద నుంచి మరింత తేమ వస్తుంది. ఈ గొలుసు గంటల తరబడి ఒకేచోట తెగకుండా సాగితే జల్లు కుంభవృష్టి అవుతుంది. వానాకాలపు వాయుగుండాలకు నైరుతి పక్కనే పెద్ద వాన పడుతుందన్నది వాతావరణ శాస్త్రంలో పాత పాఠమే.

పైన దూసుకుపోయే ఆ తూర్పు గాలుల ప్రవాహాన్ని 1958లో లోకానికి వివరించింది తెలుగువాడే. ఆయన పంచేటి కోటేశ్వరం. తర్వాతి కాలంలో భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యారు. ప్రపంచమంతా రుతుపవనాల పాఠంలో చదువుకునే ఈ సంగతి తెలుగు టీవీలో వినబడడం అరుదు.

సూత్రం బట్టీ పట్టినా చాలదు

సరే, వాన నైరుతిలో పడుతుందని యాంకర్‌కు ఒక వాక్యం రాసిస్తే సరిపోదా? సరిపోదు. ఏడాది తిరిగేసరికి అదే డోర్నకల్ దానికి జవాబిచ్చింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మర్నాడు డోర్నకల్ స్టేషన్‌లో పట్టాలు నీట మునిగి రైళ్లు ఆగిపోయాయి. నరసాపురం నుంచి డోర్నకల్ సుమారు 200 కిలోమీటర్లు, అదీ వాయవ్యంలో. నైరుతి సూత్రం బట్టీ పట్టినవాడు ఆ రోజు కళ్లు రాయలసీమ వైపు తిప్పి ఉండేవాడు. కానీ అక్టోబరు చివరికి పైన తూర్పు గాలుల ప్రవాహం తగ్గిపోతుంది, కింద రుతుపవనాలు వెనుదిరుగుతాయి. వానాకాలంలో సుడిని వాల్చిన ఏర్పాటే అప్పుడు లేదు. తుపాను నేలకెక్కాక గాలి వేగం పోగొట్టుకుంది గానీ, సముద్రం నుంచి తెచ్చిన తేమను పోగొట్టుకోలేదు. ఆ బరువుతోనే లోపలికి నడిచి, దించుకుంటూ పోయింది. తుపాను బలహీనపడిందన్న మాట వినగానే తెలంగాణలో గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంటాం. బలహీనపడేది గాలి. వాన లెక్క వేరు.

రెండు సందర్భాలు, ఒకే జిల్లా, రెండు వేర్వేరు కారణాలు. ఏ రోజుకు ఏ కారణం పనిచేస్తోందో తేల్చుకోగలగడమే ఈ వృత్తిలో నైపుణ్యం. రాసిచ్చిన వాక్యంతో అది రాదు.

———
బాక్సు: రెండు రాడార్లకూ అంచున

డాప్లర్ రాడార్ ఒక కిరణాన్ని పంపి, వాన బొట్లకు తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వనిని బట్టి వాన ఎక్కడుందో, ఎటు కదులుతోందో చెబుతుంది. డోర్నకల్‌కు దగ్గరి పెద్ద రాడార్లు రెండు: హైదరాబాద్, మచిలీపట్నం. చిత్రమేమిటంటే రెండూ ఈ ఊరికి ఇంచుమించు సమదూరమే, ఒక్కొక్కటి 175 కిలోమీటర్లకు అటూ ఇటూ. కిరణం దాదాపు తిన్నగా పోతుంది, భూమి మాత్రం కిందికి వంగుతుంది. అందుకే డోర్నకల్ మీదికి వచ్చేసరికి కిరణం నేలకు రెండున్నర నుంచి మూడున్నర కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ఎత్తయిన ఉరుము మేఘాలు దానికి కనిపిస్తాయి, కిందే ఉండి కురిసే పొట్టి మేఘాలు తప్పించుకోవచ్చు. తెర మీద రంగు లేదంటే ఊళ్లో వాన లేదని అర్థం కాదు. రాడార్ బొమ్మను చూపించడం ఎవరికైనా వచ్చు, అది చూడలేనిదేమిటో చెప్పడానికి చదువు కావాలి.
———

పచ్చగోడ ముందు

పాశ్చాత్య టీవీల్లో వాతావరణం చెప్పేవాళ్ల పని ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూస్తే వాదన ఇంకా తేటపడుతుంది. వాళ్ల వెనుక మ్యాపు ఉండదు, ఒట్టి పచ్చగోడ ఉంటుంది. మ్యాపును కంప్యూటర్ అతికిస్తుంది. చెప్పే మనిషి పక్కనున్న మానిటర్‌లో తనను తాను చూసుకుంటూ, ఏమీ లేని గోడ మీద ఏ ఊరు ఎక్కడుందో అంచనాగా చేయి పెట్టాలి. వార్తలు చదివేవారి ముందు ప్రాంప్టర్‌లో అక్షరాలు నడుస్తుంటాయి. వాతావరణం చెప్పేవారు ఎక్కువగా రాతప్రతి లేకుండానే మాట్లాడతారు, ఎందుకంటే కొత్త రాడార్ బొమ్మ పది నిమిషాల క్రితమే వచ్చి ఉంటుంది. తలలో విషయం లేకపోతే ఆ రెండున్నర నిమిషాలు రెండున్నర గంటలవుతాయి. బ్రిటన్‌లో 1954 జనవరి 11న తెర మీదికొచ్చి తొలిసారి వాతావరణం చెప్పిన జార్జ్ కౌలింగ్ వాతావరణ శాఖ ఉద్యోగి, నటుడో వ్యాఖ్యాతో కాదు. అమెరికా మెటియరలాజికల్ సొసైటీ టీవీ వాళ్లకు ఆమోదముద్ర ఇచ్చే పద్ధతిని 1957లోనే మొదలుపెట్టింది. 2005లో తెచ్చిన సర్టిఫికెట్‌కైతే వాతావరణ శాస్త్రంలో డిగ్రీ ఉండాలి, రాతపరీక్ష పాస్ కావాలి, ఆపైన తెర మీద చెప్పిన తీరును నిపుణులు చూసి ఒప్పుకోవాలి. ఆ వరస గమనించండి: శాస్త్రం ముందు, మాటతీరు చివర.

మన భాషలో ఈ అవసరం ఇంకాస్త ఎక్కువే. మన బులెటిన్లలో రోజూ వినిపించే 'ఉపరితల ఆవర్తనం' సంగతే తీసుకోండి. నేలకు ఎత్తున, గాలి పొరల్లో తిరిగే సుడికి అది పేరు. కానీ బడిలో ఉపరితలం అంటే వస్తువు పైముఖం అని నేర్చుకున్న పిల్లవాడు అది నేల మీద తిరిగే సుడి అనుకుంటాడు. మాట పెట్టినవారి ఉద్దేశం 'పై స్థాయిలో' అని కావచ్చు, చేరేది మాత్రం తలకిందుల అర్థం. అలాగే 'భారీ', 'అతిభారీ', 'అత్యంత భారీ' అన్నవి అలంకారాలు కావు. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి భారీ, 115.6 నుంచి అతిభారీ, 204.5 నుంచి అత్యంత భారీ. హెచ్చరికల్లో పసుపు రంగు 'గమనిస్తూ ఉండండి' అని, నారింజ 'సిద్ధంగా ఉండండి' అని, ఎరుపు 'ఇక కదలండి' అని. ఈ హద్దులు తెలియని యాంకర్ నోట మూడూ ఒకే ఉద్రేకంతో వస్తాయి, వినేవాడికి మూడూ ఒకటే అవుతాయి. మరోవైపు మన రైతు దగ్గర ముసురుకూ జడివానకూ గాలివానకూ వేర్వేరు మాటలున్నాయి. తెలంగాణలో మొగులైందంటే ఏ రకం ఆకాశమో ఇంటిల్లిపాదికీ తెలుసు. ఒకే తీరున పరుచుకున్న పొర మేఘాలకూ, కుప్పగా లేచిన ఉరుము మేఘాలకూ శాస్త్రం చూపే తేడా ముసురు, గాలివాన అన్న మాటల్లో ముందే ఉంది. శాస్త్రాన్నీ ఆ మాటలనూ కలిపే మనిషి కావాలి.

సిలబస్ తెరిచి చూడండి

కాబట్టి కాలేజీని దాని పేరును బట్టి, స్టూడియో లైట్లను బట్టి చూడకండి. పీజీ సిలబస్ తెరిచి కొన్నిటి కోసం వెతకండి. గాలి కదలికను లెక్కగట్టే గణితం, వేడి–తేమల భౌతికశాస్త్రం, ఉష్ణమండల వాతావరణం మీద విడిగా ఒక పేపరు, రాడార్–ఉపగ్రహ చిత్రాల పఠనం, కంప్యూటర్ అంచనాలు ఎలా తయారవుతాయన్న పాఠం. వీటన్నిటికన్నా ముఖ్యమైనది సిలబస్‌లో కనిపించకపోవచ్చు: ఆ రోజు చార్టును గోడకు వేసి విద్యార్థులూ గురువులూ రేపటి వాన మీద వాదించుకునే అలవాటు. అంచనా చెప్పి, మర్నాడు తప్పని తేలాక ఎందుకు తప్పిందో తవ్వుకోవడంలోనే వృత్తి పట్టుబడుతుంది. ఆ అలవాటు లేని విభాగంలో పుస్తకాల పండితులు తయారవుతారు, అంతే.

దీనికి పునాది ఇంటర్ ఎంపీసీ, ఆపైన ఫిజిక్స్, గణితం ఉన్న బీఎస్సీ. ఆ మూడేళ్లకు ఖరీదైన ఊరేమీ అక్కర్లేదు. వరంగల్‌లో గానీ, మానుకోటలో గానీ, ఖమ్మంలో గానీ కాలేజీ సరిపోతుంది. ఎంపిక గట్టిగా చేయాల్సింది పీజీ దగ్గర. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం ఉంది. అదే ఊళ్లో వాతావరణ శాఖ తుపాను హెచ్చరికల కేంద్రం పనిచేస్తోంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి పడింది కూడా ఆ నగరం మీదే. తుపానులను చదవడానికి అంతకన్నా తగిన చోటు తెలుగునాట కనిపించదు. తిరుపతిలో చదివేవారికి గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల దగ్గర. అక్కడి రాడార్‌కు 1,024 యాంటెన్నాలున్నాయి, అది తల మీది గాలిని నిలువునా చూస్తుంది. అయితే అది పరిశోధనకు మొగ్గే దారి, తెర వైపు కాదు. కొచ్చిలోని కుశాట్, అంటే కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయంలో వాతావరణ శాస్త్రానికి విడిగా విభాగమే ఉంది, రుతుపవనం మొదట గుమ్మం తొక్కేదీ ఆ రాష్ట్రంలోనే. ఐఐటీల్లోనూ విభాగాలున్నాయి, అక్కడ పరిశోధన వాసన ఎక్కువ.

డోర్నకల్ పిల్లలకు నేను ముందు చూపించేది మాత్రం హైదరాబాద్ విశ్వవిద్యాలయం. ఒకే ప్రాంగణంలో భూ, సముద్ర, వాతావరణ శాస్త్రాల కేంద్రం ఉంది, కమ్యూనికేషన్ విభాగం ఉంది, 90.4 ఎఫ్ఎంలో విద్యార్థులు మాట్లాడే బోల్ హైదరాబాద్ రేడియో ఉంది. పగలు చార్టు చదివి, సాయంత్రం మైకు ముందు దాన్ని మామూలు మాటల్లో చెప్పి చూసుకునే వీలు మన చుట్టుపక్కల ఇంకెక్కడా ఇంత దగ్గరగా లేదు. రేడియోలో మ్యాపు ఉండదు, కాబట్టి మాటతోనే బొమ్మ కట్టాలి. టీవీకి అంతకన్నా మంచి సాధన లేదు.

ఇంకో కొత్త పేరు ఈ ఊరి వాళ్ల చెవిన పడుతోంది. డోర్నకల్ నుంచి చీలే బ్రాంచి లైను మీద, కొత్తగూడెంలో, గనుల ఇంజనీరింగ్ కళాశాల 2025లో డాక్టర్ మన్మోహన్ సింగ్ భూవిజ్ఞాన శాస్త్రాల విశ్వవిద్యాలయంగా మారింది. రైలెక్కితే చేరే దూరంలో అలాంటి సంస్థ రావడం మంచి సంగతే. కానీ అది బొగ్గు, ఖనిజాల నేల మీద పుట్టిన విద్యాలయం. భూవిజ్ఞానం అన్న పేరులో గాలికి ఎంత చోటిచ్చారో చేరే ఏడాది సిలబస్‌లోనే చూసుకోవాలి.

అమెరికా వెళ్తామనేవారి సంగతి కాస్త వేరు. అక్కడ మిసిసిపీ స్టేట్ విశ్వవిద్యాలయంలో టీవీ వాతావరణానికే ప్రత్యేక చదువు ఉంది, పచ్చగోడ ముందు నిలబెట్టి నేర్పుతారు. చదువు మేలైనదే. కాకపోతే ఆ పాఠాల్లో ప్రధాన పాత్రలు మంచు తుపానులు, టోర్నడోలు. నైరుతికి తల వాల్చే వాయుగుండం అక్కడ పక్కవాద్యమే. మన వాతావరణం చెప్పాలనుకుంటే ఇక్కడ పీజీ చేసి, అక్కడి మెళకువల కోసం మెట్‌ఎడ్ అనే వెబ్‌సైట్ పాఠాలు చూసుకుంటే సరిపోతుంది. అవి ఇంటర్నెట్‌లో దొరుకుతాయి.

"ఉద్యోగాలేవీ?"

తల్లిదండ్రుల అసలు ప్రశ్న ఇదే, దీన్ని దాటవేయకూడదు. తెలుగు చానళ్లలో ఈ పేరుతో ప్రకటన పడటం అరుదు. నా వాదనకు అతి పెద్ద బలం కూడా ఇక్కడే ఉంది. కేవలం వ్యాఖ్యానం నేర్చుకుని వెళ్లినవాడికి ఆ ఒక్క తలుపు మూసుకుంటే వేరే తలుపు లేదు. శాస్త్రం చదివినవాడికి ఉన్నాయి. వాతావరణ శాఖ 2022లో స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ద్వారా 990 సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టులు ప్రకటించింది, ఫిజిక్స్ ఒక సబ్జెక్టుగా ఫస్ట్ క్లాసులో డిగ్రీ చేసినవారికీ అర్హత ఇచ్చింది. సముద్ర సమాచారం ఇచ్చే ఇన్‌కాయిస్ హైదరాబాద్‌లోనే ఉంది. స్కైమెట్ లాంటి ప్రైవేటు సంస్థలున్నాయి. తెర దొరికేదాకా నిలబడటానికి నేల ఉంటుంది.

డిగ్రీ లేకుండానే సోషల్ మీడియాలో వెదర్‌మ్యాన్‌లుగా పేరు తెచ్చుకున్నవాళ్లు లేరా అని కొందరంటారు. ఉన్నారు, వాళ్లలో కొందరి అంచనాలు మెచ్చుకోదగినవే. వాళ్లను దగ్గరగా గమనిస్తే, కాలేజీ గోడల మధ్య చదవాల్సిన సిలబస్‌నే ఏళ్ల తరబడి రాత్రిళ్లు సొంతంగా చదివినవాళ్లని తెలుస్తుంది. అంత పట్టుదల ఉంటే కాలేజీ అక్కర్లేదని నేనూ ఒప్పుకుంటాను. చదువు మాత్రం అక్కర్లేదని వాళ్లు కూడా అనరు. పైగా లక్షలమంది వాళ్ల వెంట ఉండటం, ఈ మాటల కోసం జనం ఎదురుచూస్తున్నారనడానికి రుజువు. చానళ్లు ఇంకా లెక్కలోకి తీసుకోని రుజువు అది.

ఫోన్‌లో యాప్ ఉండగా మనిషెందుకు అన్నది చివరి అభ్యంతరం. 2025 మేలో మొదలైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ దేశాన్ని 6 కిలోమీటర్ల గడులుగా చూస్తోంది, అది పెద్ద ముందడుగే. కానీ యాప్ డోర్నకల్ గడిలో ఎంత వాన పడుతుందో చెప్పి ఊరుకుంటుంది. మానుకోటలో ఈ రాత్రి పడ్డ వాన ఆకేరు, మున్నేరు వెంట నడిచి, తీర్థాల దగ్గర ఒకటై, రేపు ఖమ్మం లోతట్టు ఇళ్లలోకి వస్తుందని ఆ అంకె చెప్పదు. ఖమ్మంలో అప్పటికి వాన తెరిపి ఇచ్చి ఉండవచ్చు. తెరిపి చూసి ధైర్యపడొద్దని చెప్పడానికి, ఆ మాట నమ్మించడానికి, తెలిసిన గొంతు ఒకటి కావాలి.

కాలేజీలో చేరే ముందు ఆ విభాగానికి ఒకసారి వెళ్లి రండి. అక్కడి సీనియర్ విద్యార్థులకు 2024 ఆగస్టు 31 సాయంత్రపు చార్టు చూపించి, వాన ఎక్కడ పడుతుందో వేలు పెట్టమనండి. వేలు కళింగపట్నం మీద పెడితే బయటికి వచ్చేయండి. మానుకోట మీద పెట్టి, ఎందుకో తెలుగులో చెప్పగలిగితే ఫీజు కట్టండి.